గల్లాపెట్టె లెక్క

నాకు పందొమ్మిదేళ్ళు.
మెడలో వేలాడే బిళ్ళ మీద
"టీమ్ లీడర్, అప్రెంటిస్" అని ఉంటుంది.
టీమ్ అంటే పదకొండుమంది.
అందరిలోకీ చిన్నామెకి అరవై ఆరు.
జీతం నాకూ, మేనేజర్ డెనీస్‌కీ మాత్రమే.

గ్రిమ్స్‌బీలో, చేపల రేవు గాలి
నేరుగా వచ్చి మొహాన కొట్టే వీధిలో
మా దుకాణం.
చనిపోబోయేవాళ్ళని చూసుకునే ఒక ఆశ్రమం కోసం
చనిపోయినవాళ్ళ కోట్లు అమ్ముతాం.

మొదటి వారం నేర్చుకున్నది జేబులు తడమడం.
బస్సు టికెట్టు, పిప్పరమెంటు బిళ్ళ,
ఒకసారి పై వరస కట్టుడు పళ్ళు.
తర్వాత ఆవిరి ఇస్త్రీ.
"కాలర్ పట్టుకోకు, భుజం దగ్గర మొదలుపెట్టు,
మనిషితోనైనా అంతే" అంది డెనీస్.
అప్పుడు అర్థం కాలేదు.
ఇప్పుడూ సగమే.

గురువారాలు కాలేజీ.
ఆరో పాఠం: కష్టమైన సంభాషణలు.
ముందు మెచ్చుకో, ఆపైన విషయం చెప్పు,
మళ్ళీ మెచ్చుకో.
అరటిపండులో మాత్ర పెట్టి మింగించినట్టు.
జీతమిచ్చే చోట "చెయ్యి" అంటే చాలు.
ఊరికే వచ్చి పనిచేసే మనిషి ముందు
ఆ మాట గొంతు దాటదు.
రావద్దనే అధికారం నాకుంది,
రమ్మనే అధికారం లేదు.
ఇది ఏ పాఠంలోనూ లేదు.

మంగళవారాలు గల్లాపెట్టె దగ్గర సిరిల్.
డెబ్భై తొమ్మిది.
వయసంతా ఐస్‌లాండ్ నీళ్ళలో వలలు లాగినవాడు.
వచ్చే ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తాడు,
వాళ్ళ కుక్కని కూడా.
కానీ లెక్క తేలదు.
ఒక మంగళవారం ఎనిమిది పౌండ్లు తక్కువ,
ఇంకో మంగళవారం మూడు ఎక్కువ.
తక్కువైతే అర్థమవుతుంది.
ఎక్కువేమిటి?

"నువ్వే చెప్పు" అంది డెనీస్,
సంచులు విప్పడానికి వెనకగదిలోకి పోయి
తలుపు పూర్తిగా వెయ్యకుండా.

ఐదున్నర. బోర్డు తిప్పేశాను.
అద్దం ముందు మూడుసార్లు అనుకున్న మాటలు
మొదటి మెచ్చుకోలు దగ్గరే తడబడ్డాయి.
"మీరు అందరితో ఎంత బాగా..." అన్నాను.
ఆయన చేతులెత్తి, కళ్ళద్దాలు తీసి
గల్లాపెట్టె మీద పెట్టాడు.

"తెలుసమ్మాయీ.
ఐదు నోటూ పది నోటూ
ఎండాకాలం నుంచీ ఒకే రంగులో కనిపిస్తున్నాయి.
ఎంత పోయుంటుందో ఉజ్జాయింపు వేసి
నా జేబులోది వేస్తున్నా.
ఆ ఉజ్జాయింపూ తప్పేనేమో."

మెచ్చుకోలు రెండో ముక్క
నా నోట్లోనే ఉండిపోయింది.
వెనకగదిలో సంచుల చప్పుడు ఆగింది.
తలుపు మాత్రం కదల్లేదు.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.
"మీ డబ్బు మీకు ఎంతివ్వాలో ఇప్పుడెలా లెక్కెయ్యాలి?"
గట్టిగా అడిగేశాను.
ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.
"రేపట్నుంచి గల్లా నాది" అన్నాను.
"కుర్చీ మీదే, నా పక్కన.
నాకు ఈ ఊళ్ళో ఎవరి పేర్లూ తెలీవు."
ఆయన కోటు వేసుకున్నాడు.
అవునన్లేదు. కాదన్లేదు.

ఆ రాత్రి కాలేజీ ఫారంలో
"సంభాషణ ఫలితం" అనే గడి
ఖాళీగా వదిలేశాను.

తర్వాతి మంగళవారం తొమ్మిదిన్నరకి రాలేదు.
పది. డెనీస్ నా వైపు చూడకుండా
టీ కలుపుతోంది, మూడు కప్పులు.
పదీ పావుకి తలుపు గంట మోగింది.
"కళ్ళ డాక్టరు" అన్నాడు, అంతే.
కుర్చీలో కూచుని
ఎవరో ఇచ్చిపోయిన బొమ్మముక్కల పెట్టె
ఒళ్ళో బోర్లించుకున్నాడు.
వెయ్యి ముక్కల ఓడరేవు.

ఆ వేళ్ళకి చూపుతో పనిలేదు.
వల కన్నాలు తడిమినట్టు
ఒక్కో ముక్కా తడిమి పక్కకి జరుపుతూ,
మధ్యలో తలెత్తి
"ఈమె హేజల్, మోకాలు ఎలా ఉందో అడుగు"
అని నాకు అందిస్తూ,
మధ్యాహ్నం దాకా లెక్కపెట్టాడు.

తర్వాత పెట్టె మీద పెద్ద అక్షరాలతో,
కొంచెం వంకరగా, రాశాడు:
"ఒకటి తక్కువ. యాభై పెన్నీలు."

నేను మళ్ళీ లెక్కపెట్టలేదు.
సాయంత్రం డెనీస్ దుకాణం తాళాలు
గల్లాపెట్టె మీద వదిలి
చెప్పకుండానే వెళ్ళిపోయింది.