మొదటి వరుసలో అంకె

కలెక్టరాఫీసు ఎదురుగా,
జిరాక్సు మిషను వేడికి ఎప్పుడూ ఉమ్మదీసే గదిలో
బేరం లేని వేళల్లో మాటలు పోగేస్తుంటాను.
వరుసకొకటి.
చుక్క లేదు, కామా లేదు, అర్థమూ లేదు.
అర్థంతో పనిలేదు దానికి,
ఉందా, లేదా, అంతే.
మొదటి వరుసలో మాత్రం ఒక అంకె ఉండాలి:
మొత్తం ఎన్ని అని.

పెళ్ళి కార్డుల్లోంచి కొన్ని,
పెద్దకర్మ కార్డుల్లోంచి ఇంకొన్ని,
రైసుమిల్లు బిల్లుల్లోంచి, రొట్టెల పండగ కరపత్రాల్లోంచి,
పాత ఫాంట్ల ఫైళ్ళలోంచి
వత్తులూడి కుంటుకుంటూ వచ్చినవి చాలా.
కట్టు కట్టి, అకారాదిగా నిలబెట్టి,
రెండుసార్లు వచ్చినదాన్ని ఒకసారి చేసి.

ఒక రాత్రి 'బస్టాండ్' రెండు చోట్ల కనపడింది.
అవే అక్షరాలు. ఒకటి తీసెయ్యమంటే తియ్యదు,
రెండూ వేరంటది.
గంటన్నర కొట్లాడితే తేలింది,
ఒకదాని చివర కంటికి ఆనని గుర్తొకటి,
టికెట్టు లేకుండా వెనక సీట్లో నక్కిన పిలకాయలాగా.
దించేశాను.

పొగతోట ప్రెస్సులో ముప్పయ్యేళ్ళు ప్రూఫులు దిద్దిన
మాలకొండయ్య గారు తన నోటుబుక్కు ఇచ్చాడు.
ఎడమ పక్క తప్పులు, కుడి పక్క ఒప్పులు.
కుడి పక్క చాలు సార్ అన్నాను.
తప్పుల్ని దాచుకోవడం రాదు దీనికి,
ఒప్పుల్లో లేనిదల్లా తప్పంటది.
ఆయన ఎడమ పక్కే చూసుకుంటూ
"ఇవీ మనుషులు రాసినవే గదయ్యా" అన్నాడు.

ఇక తోకలు.
'ఇల్లు' చేర్చి ఊరుకుంటే కుదరదు,
ఇంట్లో, ఇంటికి, ఇంటిమీదికి, ఇళ్ళల్లోంచి.
'వచ్చు'కి అతికేవన్నీ ఒక్కోటే రాస్తూ పోతే
నెల్లూరులో మొదలైన వరస కావలి దాటేట్టుంది.
అందుకని తోకలకు వేరే ఫైలు,
ఏ మాటకు ఏ తోక అతుకుతుందో చెప్పే సూత్రాలు.
అయిపోయిందనే అనుకున్నాను.

మొన్న విడవలూరు నుంచి చెంగమ్మ వచ్చింది,
కాలవ చివరి పొలం, అర్జీ కొట్టించుకోను.
చెప్పింది చెప్పినట్టే కొట్టాను:
పైటేలయినా కయ్యలోకి నీళ్ళెక్కలేదు,
రాత్రంతా గెనెం మీదే కాపలా ఉన్నాం.
తెర నిండా ఎర్రగీతలు.
"ఏంది నాయనా, ఆ నెత్తురు గీతలు?"
మిషనుకు ఆ మాటలు తెలీవమ్మా.
"కలెక్టరుకు కనపడతాయా?"
లేదు, కాయితం మీదికి రావు.
"మరింక ఎవురికంట?"
నాకే, అన్నాను.
పొలం అని మార్చబోయాను.
ఆమె చెయ్యి కీబోర్డు మీదికి వచ్చింది,
గోళ్ళలో ఇంకా ఒండ్రు.
"మార్చబాక. బిన్నా తియ్యి, బస్సు పోతది."

ఆమె వెళ్ళాక ఆ మాటే కొట్టి చూశాను.
మార్చబాక.
కింద ఎర్రగా వంకర్లు తిరుగుతూ గీత.
నలభై రెండు వేల మాటలు పోగేసినవాణ్ణి,
మా అమ్మ రోజుకు వందసార్లన్న తోక
నా ఫైల్లో లేదు.

మాలకొండయ్య గారికి ఫోన్ చేశాను.
ఏ వ్యాకరణంలోనన్నా ఉందా సార్?
ఆయన కాసేపు దగ్గి,
"ఎవరన్నా అన్నారా?"
అన్నారు.
"ఇంకేం మరి."

కయ్య, గెనెం, పైటేల, బిన్నా:
నాలుగు మాటలు చేర్చి పైన అంకెలో నాలుగు కలిపాను.
తర్వాత తోకల ఫైలు తెరిచి
ఒక్క సూత్రం రాశాను.
క్రియలన్నిటి వెనకా 'బాక'.

పైన అంకె మారలేదు.
కానీ చెప్పబాక, పోబాక,
ఎండలో తిరగబాక, కడుపు మాడ్చుకోబాక,
ఊరికూరికే ఏడవబాక
ఒక్క దెబ్బకు ఒప్పయిపోయాయి.
కరెంటు పోయేలోపు ఇంకొకటి చూద్దామని
'రాబాక' అని కొట్టాను.

ఎర్రగీత రాలేదు.