నాలుగో లైను మీద

దసరా సెలవులైన మూడో రోజో నాలుగో రోజో
బ్రాడీపేట నాలుగో లైనులో
సాయంత్రం ఐదూ నలభైకి
తీగలు నల్లబడతాయి.

నేను పైకి చూడను.
ముందు పట్టా లాగి
డాక్టరుగారి తెల్లచొక్కాలు ఇస్త్రీబండి కిందికి తోస్తాను.
పోయినేడు ఒక్క రెట్ట ఖరీదు
నలభై రూపాయలూ, ఒక పాత ఖాతా.
ఆ తర్వాతే తలెత్తడం.

వానకోవెలలంటాడు లైన్‌మన్ మస్తాన్‌వలి.
వాన వెళ్ళాక వచ్చేవాటికి
ఆ పేరెవరు పెట్టారో!
మంచుకొండలు దాటి వస్తాయంట.
సంచీ లేదు, చెప్పుల్లేవు,
దర్జీ కొట్లోంచి పొరపాటున పట్టుకొచ్చినట్టు
తోకలో ఓ కత్తెర.

ఒకటి వాలితే పక్కది జరుగుద్ది,
అది జరిగితే దాని పక్కది.
ఆ జరగడం నా బండి మీద మొదలై
మందులషాపు దాటి
ట్యూషన్ మేడ దాకా పోద్ది.
తెనాలి బస్సులో ఇంత మర్యాద
నేనెన్నడూ చూళ్ళేదు.

లెక్కపెడదామని ఒకసారి కూచున్నా.
రెండు స్తంభాల మధ్య, ఒక్క తీగకి,
రెండొందల పదకొండు దాకా వచ్చా.
ఎవడో బుల్లెట్ బండి డబడబలాడించుకుంటా పోయాడు.
మొత్తం లేచాయి.
ఎవరో దులిపిన దుప్పటిలా ఆకాశం ఒక్కసారి ఎగిరి
మళ్ళీ తీగల మీద పరుచుకుంది.
మళ్ళీ ఒకటి నించి.
ఆ పూట బొగ్గులన్నీ ఊరికే బూడిదయ్యాయి.

అంత కరెంటు మీద ఎట్టా నిద్రపోతాయి, అన్నా.
మస్తాన్ నవ్వాడు.
"ఒక్క తీగనే పట్టుకున్నోళ్ళకి ఏమీ కాదు సలోమమ్మా,
రెండోది తగిల్తేనే."
అతని ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు.

యార్డు వైపు నించి మిరపఘాటు మొదలై
తుమ్ముకుంటా ఇస్త్రీ చేసే రోజుల్లో
వాటికి కాలు నిలవదు.
కూచుంటాయి, లేస్తాయి,
రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికో తెలియని జనంలా
ఒకటే గోల.

ఎప్పుడు వెళ్ళాయో ఎవరూ చూళ్ళేదు.
సోమవారమంటాడు మందులషాపు కుర్రాడు.
కాదు, శనివారం రాత్రి ఇక్కడ కరెంటు పోయినప్పుడే
అంటాడు మస్తాన్,
అదేదో తనే తీసినట్టు.

నేను మాత్రం
పొద్దు వాలేసరికి పట్టా లాగి
చొక్కాలు కిందికి తోసి
అప్పుడు తలెత్తా.

తీగలు ఇంకా వంగే ఉన్నాయి, చూడు, అన్నా.
ఎండకి సాగాయమ్మా,
అన్నాడు మస్తాన్
నిచ్చెన భుజానేసుకుంటా.