ముద్ర లేని వెలుగు

కూహ్మోలో నవంబరంటే
ఉన్న మసకకి పగలని పేరు పెట్టుకుని సరిపెట్టుకోవడమే.
తొమ్మిదింటికి తెల్లారినట్టు ఉంటుంది,
రెండున్నరకి అదీ ఉండదు.

ఆ వేళ తనిఖీ షెడ్డులోకి వచ్చింది
ఎనభై ఎనిమిది మోడల్ కొరోలా,
తడిసిన రోడ్డు రంగు.
బంపరు కింద రెండు తెల్లటి గీతలు,
ఎవరో సుద్దముక్కతో కొట్టివేసినట్టు.

"ఇవెక్కడివి?" అన్నాను.
"వంటింటివి," అంది ఔలిక్కి.

అరవై తొమ్మిదేళ్ల మనిషి.
రంపపు మిల్లులో మోటార్లకి తీగ చుట్టి చుట్టి
రిటైరైన చేతులు.
నేను చెప్పమనలేదు. చెప్పింది.

పాత కర్టెన్ పట్టీ కోసి
వైపుకి ఆరు ఎల్‌ఈడీలు బిగించిందట.
మూత, దోసపాదుల గ్రీన్‌హౌస్‌లో మిగిలిన ప్లాస్టిక్ రేకు.
అతుకు, చేపల తొట్టి సిలికాన్.
మొదటి జత వారం తిరక్కుండానే
ఒక్కొక్కటే కన్ను మూసింది.
బ్యాటరీ అంటే పన్నెండు వోల్టులే అనుకుందట,
ఇంజను తిరిగితే పద్నాలుగు దాటుతుందని
ముప్ఫై ఏళ్లు మోటార్లు చుట్టిన తనే మరిచిపోయిందట.
"వంట వచ్చినవాళ్లేగా ఉప్పు మరిచేది!"

రెండో జతకి రెగ్యులేటరు పెట్టింది.
సౌనా పైబల్ల మీద గంటసేపు ఉడకనిచ్చి
తలుపు తీసి మంచులోకి గిరాటేసింది.
లోపల చుక్క చెమ్మ లేదు.
"మా ఆయన కూడా అంత తట్టుకునేవాడు కాదు."

ఎందుకింత అవస్థ అన్నాను.

పగలైనా లైట్లు వేయాలి కదా, చట్టం.
తను వేస్తుంది. ఆర్పడమే మరుస్తుంది.
లైబ్రరీ ముందు ఒకసారి,
పళ్ల డాక్టరు దగ్గర ఒకసారి,
ఒకసారి స్మశానం గేటు ముందు.
"అక్కడ బండి కదలకపోతే జనం ఏమేమో అనుకుంటారు."
మూడుసార్లూ పక్కింటి టౌనో
బ్యాటరీ తీగలు పట్టుకుని వచ్చాడు.
మూడోసారి మాత్రం
ఆమె కూతురికి ఫోన్ కూడా చేశాడు:
మీ అమ్మకి ఈమధ్య మతిమరుపు...

ఆ వాక్యం అక్కడే ఆగిపోవాలని ఈ దీపాలు.
"ఇంజనుతో లేస్తాయి, ఇంజనుతో పడుకుంటాయి.
నా జ్ఞాపకంతో వాటికి పని లేదు."

మోకాళ్ల మీద కూర్చుని చూశాను.
ఎత్తు సరిపోయింది, ఎడమూ సరిపోయింది.
పెద్ద లైట్లు వేస్తే ఇవి మర్యాదగా తప్పుకున్నాయి.
ప్రతి తీగకీ గొట్టం, ప్రతి ముడికీ తొడుగు,
జీతానికి చేసేవాడు ఇంత ఓపిక పట్టడు.
కానీ మూత మీద సున్నా చుట్టిన ఓ అక్షరం,
పక్కనే ఓ అంకె ఉండాలి.
లేవు.
ఆ ముద్ర లేని వెలుగు
నా పుస్తకంలో వెలుగు కాదు.

"తీసేసి వస్తే పాసు," అన్నాను.

వాదించలేదు. డిక్కీలోంచి స్క్రూడ్రైవరు తీసింది.
నాలుగు మరలు, రెండు ప్లగ్గులు.
విప్పడానికి వీలుగానే కట్టిందని
అప్పటికి గాని నాకు వెలగలేదు.
రొట్టె చుట్టే తువ్వాల్లో రెండింటినీ చుట్టి
పక్క సీట్లో పెట్టుకుంది.
నేను కాగితం మీద నా ముద్ర కొట్టాను.

కిటికీ దగ్గర కాఫీతో నిలబడ్డాను.
పెట్రోలు బంకు దాటాక కొరోలా ఆగింది.
ఒక మనిషి బంపరు ముందు వంగింది.
నాకు దూరపు చూపు బాగానే ఉంటుంది.
అయినా కాఫీలో చక్కెర కలపడం మొదలుపెట్టాను.
నేను చక్కెర వేసుకోను.

పై వారం, సోత్కమో రోడ్డు మీద
దుంగల లారీ వెనక విసిగి
దాటేద్దామని ఇండికేటర్ వేశాను.
మంచుతెరలో ఎదర రోడ్డూ ఆకాశమూ
ఒకే బూడిద.
ఆ బూడిదలో, రెండు గీతలు.

ఇండికేటర్ ఆర్పేశాను.
పక్కనుంచి వెళ్తూ ఆమె చెయ్యెత్తిందో లేదో తెలీదు.
ఎడమ గీతలో మూడోది వణుకుతోంది,
టంకం వదిలినట్టుంది.
ఆమెకి చెప్పాలి.
చెబితే,
చూశానని ఒప్పుకోవాలి.