బ్రిక్స్ పద్నాలుగు

తవణంపల్లె రోడ్డులో మా ఫ్యాక్టరీ గేటు బయట
రాత్రి ఒకటిన్నరకి నూటపది ట్రాక్టర్లు.
తోతాపురి కాయల మీద గోనెపట్టలు,
పట్టల మీద రైతులు, చెప్పులు తలకింద పెట్టుకుని.

లోపల ల్యాబులో నేను
గుజ్జు చుక్క ఒకటి గాజుబిళ్ళ మీద వేసి
వెలుగుకెత్తి కన్ను ఆనిస్తాను.
నీలమూ తెలుపూ కలిసేచోట గీత: పద్నాలుగు.
ఇంత తీపి చాలు. ఈ ట్యాంకు పోవచ్చు.
రిజిస్టరులో రాసి సంతకం పెడతాను.

నా తీపికి రిజిస్టరు లేదు.
మూడొందల పన్నెండు.

పదకొండింటికి రెండొందల నలభై ఉంటే
నాలుగు యూనిట్లు వెయ్యమన్నాను.
నడుముకున్న పంపు కిర్రుమని, ఇచ్చానంది.
పన్నెండున్నరకి ఇంకో మూడు. ఇచ్చానంది.
అలారం లేదు, ఎర్రదీపం లేదు,
దాని లెక్కలో దాని తప్పేమీ లేదు.
బయట మూడో ట్రాక్టరు పెద్దాయన
పోయినేటి కాయల స్లిప్పు ఇంకా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.
ఇచ్చినట్టే రాసుంటుంది అందులో కూడా.

నాలుక పిడచకట్టుకుపోతోంది.
భయపడటానికి తర్వాత టైముంది, ముందు చూడాలి.
ట్యూబుని వేళ్ళ మధ్య కొసదాకా లాగాను, మడత లేదు.
దీపానికి పట్టాను, ఆవగింజంత గాలిబుడగ లేదు.
మందు నిన్న పొద్దున నింపిందే.
ఒంటి నుంచి విప్పి, కిందకి వేలాడదీసి నొక్కితే
చివర్న ఒక చుక్క ఉబ్బి, ఆగి, రాలింది.
ఇంతవరకూ దారి బాగానే ఉంది.
చెడిందేదో నా చర్మం దగ్గర చెడింది.

ఇన్సులిన్‌కి ఒక వాసనుంటుంది.
పెద్దాసుపత్రి వరండా తుడిచిన పొద్దుటి వాసన,
నా పదకొండో ఏటి వాసన.
కారుతుంటే ముక్కుతో పట్టుకోవచ్చు.
కానీ ఇక్కడ గోడలు మామిడి, నీళ్ళ గ్లాసు మామిడి,
జూన్‌లో నా చెమట కూడా మామిడి.
బాత్రూములో గడియ పెట్టుకుని
పట్టీ తడిమిన వేలు ముక్కుకి ఆనించాను.
మామిడి.
చెయ్యి సబ్బుతో కడిగి మళ్ళీ తడిమాను.
మామిడి.

"ఏం మే, ఇంతసేపా? ట్యాంకు నిండతా ఉండాది!"
చెంగమ్మ. ఇరవై ఏళ్ళుగా బెల్టు దగ్గర నిలబడి
కుళ్ళుకాయని చూడకుండానే తీసి పారేసే మనిషి.
నడుముది ఏందని ఆమె అడిగితే
నడక లెక్కపెట్టే మిషనని చెప్పున్నాను,
రెండు సీజన్లుగా.

గడియ తీశాను.
వేలు చాపాను, అడగడం ఎలాగో తెలియక.
ఆమె వాసన చూసింది. కళ్ళు మూసి ఇంకోసారి.
"ఇది కాయ కాదు మే. ఆస్పత్రి."

పట్టీ ఊడదీస్తే కింద తడి.
లోపలికి పోవలసిన మెత్తటి గొట్టం
ఎండిన చింతకాయలా వంగిపోయుంది.
ఏడు యూనిట్లూ దూది తాగేసింది.
సాయంత్రం క్రేటు తగిలుంటుంది.
అది ఎత్తింది కూడా చెంగమ్మకి నడుం నొప్పని.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.

కీటోన్ పట్టీ కొంచెం గులాబిరంగు తిరిగింది.
ఇప్పుడు పంపుని నమ్మను,
తొడకి పెన్నుతో వేసుకున్నాను.
తర్వాత రెండోపక్క పొట్ట తుడిచి కొత్త సెట్టు.
చెంగమ్మ సెల్లు లైటు పట్టుకుంది,
సూది దిగేటప్పుడు లైటు వణికింది.
"నొప్పా?"
"పాతదే."
"నడక మిషనంట, నడక," అని తిట్టి
సీసాడు నీళ్ళు తెచ్చి ముందర పెట్టింది.

మూడున్నరకి తర్వాతి ట్యాంకు. పదమూడున్నర.
తీపి తక్కువ, పక్కన పెట్టమని రాశాను.
నా వేలిది రెండొందల ఎనభై. దిగుతోంది.
చెంగమ్మ ఏ పనీ లేకుండా రెండుసార్లు ఇటు వచ్చింది,
మాట్లాడలేదు,
గాలిని ఒకసారి పీల్చి చూసి వెళ్ళిపోయింది.
గేటు దగ్గర మూడో ట్రాక్టరు స్టార్టయింది.