కుడివైపు

రోగికి ఎప్పుడూ కుడివైపు నిలబడాలి.
కాత్యాయని మేడం మాకు చెప్పిన మొదటి మాట.
రుయాలో ఆడవాళ్ల వార్డు, పదిహేడో మంచం.
కుడివైపున గోడ.

ఆయా మమ్మల్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.
నేనూ హేమాద్రీ కలిసి ఈడ్చాం.
ఇనుప కాళ్లు గచ్చు మీద కీచుమన్నాయి.
మంచంతో పాటు ఆమె కూడా
ఏమీ అనకుండా జరిగింది.

పేరు కన్నెమ్మ. నలభయ్యో, నలభై అయిదో.
పుంగనూరు పక్కన పల్లె.
పనేంటంటే
"చింతపండు కొడతా" అంది,
అంతకు మించి ఏముంటుందన్నట్టు.

ముందు చూడాలి, తర్వాతే ముట్టుకోవాలి.
ఎంతసేపు చూడాలో పుస్తకంలో లేదు.
ముక్కుపుడక తీసేసిన చోట వేపపుల్ల,
దిండు కింద బస్సు టికెట్టు,
చీర కొంగున ముడి, అందులో ఎంతో.
ఇవేవీ రాయడానికి షీటులో గడి లేదు.

"పైకి చూడమ్మా."
తిరగని ఫ్యాను వైపు చూసింది.
కింది రెప్ప లాగితే
ఎర్రగా ఉండాల్సిన చోట
బియ్యం కడిగిన నీళ్ల రంగు.

మణికట్టు మీద మూడు వేళ్లు.
నిమిషమంతా లెక్కపెట్టాలి.
డెబ్బై దగ్గర తప్పాను,
మళ్లీ ఒకటి నుంచి.
ఆమెకి తెలిసిపోయింది.
"నిదానంగా లెక్కబెట్టుకో పాపా,
అది యాడికీ పోదులే."
నూట పన్నెండు.

గోళ్లు చెంచాల్లా గుంటలు పడ్డాయి.
మేడం సిరంజితో ఒక్క చుక్క నీళ్లు
ఉంగరం వేలి గోటి మీద వదిలింది.
జారలేదు.
ఎనిమిది మందిమి వంగి చూశాం.
ఆమె కూడా మెడ చాచి చూసుకుంది,
ఎవరిదో గోరు చూసినట్టు.
ఎడమ బొటనవేలిది మాత్రం నల్లగా కమిలి ఉంది.
ఇదే జబ్బమ్మా?
"సుత్తి. మాటల్లో పడితే గురి తప్పుతాది."

రాసుకుంటూ పైకే చదివాను.
కామెర్లు లేవు.
సయనోసిస్ లేదు.
క్లబ్బింగ్ లేదు.
మెడలో గడ్డలు లేవు.
"లేనివన్నీ రాస్తా ఉండావు,
ఉండేది ఎప్పుడు రాస్తావు?"
హేమాద్రి నవ్వాడు.
నా పెన్ను ఆగిన చోట సిరా కాస్త పాకింది.

ఆఖరికి కాళ్లు.
ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టాలి,
నొక్కేటప్పుడు కాలు కాదు, మొహం చూడాలి,
నొప్పి అక్కడే తెలుస్తుంది.
చూశాను.
ఆమె నా మొహం చూస్తోంది.
వేలు తీశాక గుంట నిలిచిపోయింది,
నా వేలంత, నా వేలిదే.
అది పూడే దాకా ఇద్దరం దాన్నే చూశాం.

"చేతులు సల్లగుండాయి. రుద్దుకోని పట్టుకోవాల."
అంతా అయిపోయాక చెప్పింది.
పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది అది.

మేడం ముందు అప్పజెప్పాను,
ఉన్నవీ లేనివీ వరసగా.
గుడ్ అంది.
రాత్రి మెస్సులో చారు పోసుకుంటే
అడుగున ఒక చింతపిక్క వేళ్లకి తగిలింది.
ఎవరి సుత్తి కిందో తప్పించుకున్నది.
కంచం అంచున పెట్టి
చాలాసేపు తినలేదు.

పొద్దున వెళ్లేసరికి
తుడిచేవాళ్లు మంచాన్ని మళ్లీ గోడకి నెట్టేశారు.
కన్నెమ్మ
కాళ్లు పెట్టే వైపు దిండేసుకుని,
రక్తం సంచీ స్టాండును కూడా అటే లాక్కుని,
తిరగేసి పడుకుని ఉంది.
కుడి చెయ్యి
దుప్పటి మీద, నా వైపు.

గుమ్మం దగ్గరే నిలబడి
అరచేతులు రుద్దుకున్నాను.