పుదీనా వాసన

ఒప్పందంలో ఏడో షరతు:
మేకు కొట్టరాదు, రంగు మార్చరాదు.
సంతకం పెట్టేశాను.
జులై ఒకటిన మాంట్రియల్లో
ఊరంతా పరుపులు మోసుకుంటూ ఇళ్లు మారుతుంటే
బేరమాడే తీరిక ఎవరికి?

కిటికీలో బిగించిన కర్ర
రెండు గోడల్నీ నొక్కి పట్టుకుంది,
గీత పడకుండా. దానికి పసుపుపచ్చ పరదా.
వంటింటి పలకల మీద నిమ్మకాయల స్టిక్కర్లు,
ఒక మూల అప్పుడే లేస్తోంది.
నేల మీద ఎవరిదో వైన్ మరక.
ముందు ఫొటో తీసి, తర్వాత తివాచీ పరిచాను.

అద్దమే, ఎక్కడా నిలవలేదు.
జనవరిలో హీటరు వేడికి
జిగురు పట్టీలు రాత్రి రెండింటికి ఊడాయి.
పగల్లేదు, పరుపు మీద పడింది.
"కింద ఆనించి, కూర్చుని దువ్వుకో"
అన్నాడు కింది వాటా ఫ్లోరియాన్.

గోడ తుడుస్తుంటే వేలికి
ఆవగింజంత గరుకు తగిలింది.
గోకాను.
తెల్లటి పొడి. పుదీనా వాసన.

నాకు ముందున్నవాళ్లెవరో
టూత్‌పేస్టుతో పూడ్చిన చిల్లు!
సరిగ్గా నా కళ్లెత్తున.

గాన్యోన్ గారూ,
మేకు కొట్టలేదు నేను.
బొటనవేలితో నెట్టాను, అంతే,
దారి తెలిసినట్టు లోపలికి పోయింది.

ఖాళీ చేసే రోజు
కొత్త ట్యూబు కొంటాను.
పుదీనాదే.