మూడొందల పన్నెండు

చిట్టినగర్ కొండ మీద
నూట తొంభై ఆరు మెట్లెక్కితే
జొన్నకూటి దీనమ్మ ఇల్లు.
నేను లెక్కపెట్టలేదు,
బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కేవాళ్ల లెక్క అది.
తప్పదు.

నా చేతిలో ట్యాబు,
భుజాన సచివాలయం వాళ్లిచ్చిన సంచీ.
ఇల్లు లేనివాళ్లెవరో
ఇల్లిల్లూ తిరిగి రాసుకు రమ్మన్నారు.

సొంత స్థలం?
"లేదు, కొండది."
నాలుగు చక్రాల బండి?
"ఉంది నాయనా, మెట్ల కింద. ఇడ్లీల బండి.
దానికీ మూడే మిగిలాయి."

కరెంటు బిల్లు తెచ్చింది.
ఆర్నెల్ల సగటు మూడొందల పన్నెండు యూనిట్లు.
మూడొందలు దాటితే పేదవాళ్లు కారు.
ట్యాబుకి ఆ సంగతి నాకంటే ముందే తెలుసు,
ఎర్రగా అయింది.

పన్నెండు యూనిట్ల కలిగినావిణ్ణి
అప్పుడు మళ్లీ చూశాను.
ఇడ్లీపాత్ర ఆవిరికి కమిలిన మణికట్టు.
పక్కింటి పిల్లకి జడ వేస్తూ
పళ్ల మధ్య రిబ్బను పట్టుకుని మాట్లాడుతోంది.
వెనకాల రాయి మీద మున్సిపాలిటీ సున్నంతో
'ప్రమాదం' అని రాసి తేదీ వేసింది.
ఆ తేదీకి మూడేళ్లు.

మీటరు ఒక్కటే. వైర్లు మూడు.
ఒకటి దీనమ్మది,
ఒకటి గోడ దూకి షేక్ మస్తాన్‌బీ కుట్టుమిషనుకి,
ఇంకోటి పైమెట్టు మీద
పలాస నుంచి వచ్చిన పైడయ్య ఫ్రిజ్జుకి.
అందులో కూరలుండవు,
రెండ్రూపాయల ఐసు ప్యాకెట్లు.
నెలకోసారి ముగ్గురూ మెట్ల మీద కూర్చుని
బిల్లుని చిల్లరగా పంచుకుంటారు.
ఆ పంపకానికి రసీదు ఉండదు.

మస్తాన్‌బీ పేరున మీటరు లేదు.
ఇంట్లో వెలుతురు ఆమెది కాదు కాబట్టి
ఆమె అర్హురాలు.
పైడయ్య సంగతి వదిలేయండి,
అతని కాగితం ఇంకా పలాసలోనే తిరుగుతోంది.

డ్రా రోజు కల్యాణమండపంలో కొత్త ప్లాస్టిక్ బకెట్,
ధర స్టిక్కరు కూడా పీకలేదు.
చీటీలు నేనే మడిచాను,
ఒకే మడత, ఒకే కొలత.
న్యాయం నా వేళ్లకి తగిలింది అంతవరకే.
మున్సిపల్ బడి పిల్ల చెయ్యి పెట్టి తీసింది:
మస్తాన్‌బీ. జక్కంపూడి. పదిహేడో బ్లాకు, మూడో అంతస్తు.
మైకు దగ్గరికెళ్లి ఆమె అడిగింది ఒక్కటే:
"అక్కడ మీటరు నా పేరునే ఉంటుందా?"
హాలంతా నవ్వింది.
నేను నవ్వలేదనే అనుకుంటాను.

కుట్టుమిషనుని ఇద్దరు దించారు.
దీనమ్మ ముందు నడుస్తూ
"ఇక్కడ మెట్టు విరిగింది, అక్కడ నాచు" అంటూ
దారి చూపించింది.
ఆటో కదిలాక ఒక్కతే ఎక్కింది.
వట్టి చేతులతో ఎక్కడం అలవాటు లేక
మధ్యలో రెండుసార్లు ఆగిందట.

మర్నెల బిల్లు రెండొందల అరవై నాలుగు.
కొంగున ముడేసుకుని ఆఫీసుకొచ్చింది.
"తగ్గింది నాయనా, ఇప్పుడు పేదదాన్నేనా?"
సగటు దిగడానికి ఇంకో నెల పడుతుందన్నాను.
జాబితా శుక్రవారమే మూసేశారని కూడా చెప్పాలి.
ముందు మంచినీళ్లిచ్చాను.

క్రిస్మస్ ముందు ఇంకేదో సర్వేకి
మళ్లీ ఆ మెట్లెక్కాను.
గుమ్మానికి కాగితం నక్షత్రం వేలాడుతోంది,
లోపల బల్బు లేదు.
"యూనిట్లు నాయనా" అంది, తనే ముందు.
మస్తాన్‌బీ ఉన్న గదిలో మాత్రం లైటు వెలుగుతోంది,
కిటికీలోంచి ఎవరో ఆడపిల్ల
పాఠం పైకి చదువుతోంది.
"కొత్తగా దిగారు. తల్లి చేపల మార్కెట్లో.
పిల్లకి పదో తరగతి పరీక్షలు కదా,
ఆ రెండో వైరు మళ్లీ తగిలించా."

ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను,
మార్చి నెలాఖరు దాకా...
సంచీ చాటున వేళ్లు మడుస్తున్నాను.
ఎలా చూసిందో చూసింది.

"లెక్కపెట్టకు నాయనా" అంది,
"దిగేటప్పుడు ఆ విరిగిన మెట్టు చూసుకో."